చైనా నుంచి ఇంటి సామాను: అమ్మ చీటీ డబ్బు 3 లక్షలు ఏమయ్యాయి?

మొన్నటి ఎపిసోడ్ చూసి చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, చైనాలో 60 రూపాయలకి దొరికేది ఇక్కడ 199కి అమ్ముతున్నారు, మనమే తెప్పించుకుంటే పోలా?" అని. తెప్పించుకోవచ్చు. నేను తెప్పించాను. మొదటిసారే గట్టి దెబ్బ తిన్నాను కూడా. ఇవాళ ఆ లెక్కంతా మీ ముందు పెడతాను.

మాది తెనాలి. అమ్మకి చిన్న స్టీలు సామాన్ల కొట్టు ఉంది. గిన్నెలు, క్యారియర్లు, పేరంటాలకి పంచే చిన్న డబ్బాలు. నాన్న పోయాక 11 ఏళ్లుగా ఇల్లు ఆ కొట్టు మీదే నడుస్తోంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి, రోజంతా ఫోన్‌లో చైనా హోల్‌సేల్ యాప్‌లు చూస్తూ కూర్చునేవాణ్ణి. అమ్మ చూసి చూసి, ఒకరోజు చీటీ పాడి 3 లక్షలు తెచ్చి చేతిలో పెట్టింది. "చూసుకో మరి, నెలనెలా కట్టాల్సింది నేను" అంది. అంతే, ఇంకో మాట లేదు.

కాగితాల పని మీరు అనుకున్నంత కష్టం కాదు. ఐఈసీ అని దిగుమతి, ఎగుమతి కోడ్ ఒకటి తీసుకోవాలి. డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయలు ఫీజు, మన పాన్ నంబరే ఆ కోడ్ అవుతుంది. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఆ వివరాలు ఒకసారి అప్‌డేట్ చేయాలి, మర్చిపోతే కోడ్ ఆగిపోతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్, కరెంట్ అకౌంట్, బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్, కస్టమ్స్ పని చూసే ఒక బ్రోకర్. ఇంతే. ఈ పని అయిపోగానే నేను పెద్ద ఇంపోర్టర్‌ని అయిపోయినట్టు ఫీలయ్యాను, అది వేరే సంగతి.

చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలో యివు అని ఒక ఊరుంది. చిల్లర సామానుకి దాన్ని మించిన మార్కెట్ లేదు. అక్కడి సరుకు ఎక్కువగా నింగ్బో పోర్టు నుంచి ఓడ ఎక్కుతుంది. నేను అక్కడికి వెళ్లలేదు, అంతా ఫోన్‌లోనే. మడత పెట్టే సిలికాన్ బుట్టలు, గోడకి అంటించే కొక్కేలు, 240 స్టీలు ఫ్లాస్కులు. మొత్తం సరుకు ధర 1,60,000. 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 శాతం సరుకు పంపే ముందు. డబ్బు కచ్చితంగా బ్యాంకు ద్వారానే, ఇన్‌వాయిస్ మీదున్న కంపెనీ పేరు మీదే పంపాలి. "మా బ్యాంకు మారింది, ఈ ఖాతాకి వేయండి" అని మధ్యలో మెయిల్ వస్తే వీడియో కాల్‌లో మాట్లాడకుండా రూపాయి కూడా పంపకండి.

ఇప్పుడు అసలు లెక్క. యాప్‌లో కనిపించే ధర మన ధర కాదండి. కస్టమ్స్ వాళ్లు సరుకు ధరకి ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి దాని మీద పన్ను వేస్తారు. అలా కలిపిన విలువ లక్ష అనుకుందాం, డ్యూటీ 20 శాతం అనుకుందాం. డ్యూటీ 20,000. ఆ డ్యూటీ మీద 10 శాతం సర్‌ఛార్జి, 2,000. ఇప్పుడు 1,22,000 అయింది. దీని మొత్తం మీద ఐజీఎస్టీ 18 శాతం, 21,960. అంటే సరుకు గేటు దాటకముందే 43,960 కట్టాలి. ఐజీఎస్టీ మనకి క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది, నిజమే. కానీ సరుకు అమ్ముడయ్యాక సర్దుబాటవుతుంది. ఆ రోజు మాత్రం నగదు కావాలి. నేను చేతిలో ఉన్నదంతా సరుకులో పెట్టి ఉంటే అక్కడే ఆగిపోయేవాణ్ణి.

ఇంకోటి, సైజు. కంటైనర్‌లో కొంచెం చోటు తీసుకుంటే కిరాయి మామూలుగా బరువుని బట్టి కాదు, ఘనపు మీటర్లని బట్టి పడుతుంది. 60, 50, 40 సెంటీమీటర్ల పెట్టె 0.12 ఘనపు మీటరు. అలాంటివి 25 పెట్టెలైతే 3 ఘనపు మీటర్లు. లోపల గాలి ఉన్నా కిరాయి గాలికి కూడా కట్టాల్సిందే. అందుకే మడత పెట్టే బుట్టలు ఎంచుకున్నాను, ఆ ఒక్క నిర్ణయం మాత్రం కరెక్ట్. 62 రూపాయల బుట్ట ఐజీఎస్టీ తీసేస్తే తెనాలి చేరేసరికి 118 పడింది. 199కి అమ్మితే జీఎస్టీ పోను 168 రూపాయల 60 పైసలు మనకి. అమ్మ లెక్క వేసి "బుట్టకి 50 మిగులుద్ది, పర్లేదురా" అంది. కొట్టు అద్దె, కరెంటు అందులోంచే.

ఇక ఫ్లాస్కుల సంగతి. అక్కడి సేల్స్ అమ్మాయిని "సర్టిఫికెట్ ఉందా?" అని అడిగాను. "ఉంది" అని పీడీఎఫ్ పంపింది. తిండి పదార్థాలకి పనికొస్తుందని ఒక టెస్ట్ రిపోర్టు, యూరప్ వాళ్ల సీఈ గుర్తు. నేను చూసి సంతోషపడ్డాను. ఆమె అబద్ధం చెప్పలేదండి, నేనే తప్పు ప్రశ్న అడిగాను. మన దేశంలో ఇలాంటి ఫ్లాస్కులకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఆ లైసెన్సు తెప్పించుకునే మనకి ఇవ్వరు, తయారుచేసే ఫ్యాక్టరీయే బీఐఎస్ దగ్గర తీసుకోవాలి, అది కూడా ఆ ఒక్క ఫ్యాక్టరీకే. స్టీలు కొట్టు వాళ్ల అబ్బాయిని, ఐఎస్ఐ మార్కు చూస్తూ పెరిగినవాణ్ణి, నాకే తట్టలేదు.

తొందర కూడా ఉంది. 2025లో చైనా కొత్త సంవత్సరం జనవరి 29న వచ్చింది. అప్పుడు ఫ్యాక్టరీలు వారాల తరబడి మూసేస్తారు. ఈలోపే పంపించేయాలని నేను హడావుడి చేశాను. సరుకు పంపే ఏజెంటుని అడిగితే "ముందు రానివ్వండి, అక్కడ చూసుకుందాం" అన్నాడు. అక్కడ చూసుకోవాల్సింది నేనే అని తర్వాత అర్థమైంది.

చెన్నైలో ఆపేశారు. ఫ్లాస్కులతో పాటు బుట్టలు, కొక్కేలు కూడా 19 రోజులు గోడౌన్‌లో ఉండిపోయాయి, రోజుకింత అద్దె. నా ముందు రెండే దారులు: నా ఖర్చుతో ఫ్లాస్కుల్ని వెనక్కి పంపడం, లేదా ధ్వంసం చేయడానికి ఒప్పుకోవడం. వెనక్కి పంపే ఖర్చు ఫ్లాస్కుల ధరని మించిపోయింది. సంతకం పెట్టాను. ఫ్లాస్కులు 55,200, గోడౌన్ అద్దె 31,000, ధ్వంసానికి, కాగితాలకి 9,000. మొత్తం 95,200. ఫోన్‌లో అమ్మకి చెప్తుంటే నా గొంతు నాకే వినపడలేదు. అమ్మ కాసేపు ఆగి, "తిన్నావా?" అంది.

మిగతా సరుకు కొంత కొట్టులో, కొంత గుంటూరు, బాపట్ల షాపులకి తక్కువ మార్జిన్‌తో వేశాను. అంతా అమ్ముడయ్యాక చేతిలో ఉన్నది 2,41,000. అంటే 59 వేలు పోయాయి.

ఈ టైంలోనే ఒకాయన తగిలాడు. "నీకెందుకు ఈ గొడవ, కేజీకి ఇంత ఇవ్వు, డ్యూటీ, డెలివరీ అన్నీ మేమే చూసుకుంటాం" అని. రేటు వింటే నోరూరుతుంది. కానీ ఆ సరుకు వేరేవాళ్ల కోడ్ మీద వస్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీలో మీ పేరుండదు, ఐజీఎస్టీ క్రెడిట్ రాదు, దారిలో పట్టుకుంటే ఇది నాదని అడగడానికి కాగితం ఉండదు. నేను వద్దన్నాను. ధైర్యం కాదు, భయం.

రెండోసారి అడ్వాన్సు కట్టే ముందే వస్తువు 8 అంకెల హెచ్ఎస్ కోడ్ రాసి బ్రోకర్‌కి పంపాను. డ్యూటీ ఎంత, బీఐఎస్ కావాలా వద్దా, రాతపూర్వకంగా చెప్పమన్నాను. ఐఎస్ఐ మార్కు ఉందని సప్లయర్ అంటే లైసెన్సు నంబరు అడిగి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తున్నాను. 2 నిమిషాల పని. కరెంటుతో నడిచేవి, బొమ్మలు, స్టీలు, అల్యూమినియం గిన్నెలు నా లిస్టులోంచి తీసేశాను. ఈసారి బుట్టలు, కొక్కేలే. 5 రోజుల్లో బయటికొచ్చాయి.

శాంపిల్‌గా కొరియర్‌లో వచ్చిన ఫ్లాస్కు ఒక్కటి మిగిలింది. అమ్మ రోజూ దాంట్లో టీ పోసుకుని కొట్టుకి తీసుకెళ్తుంది. ఎవరైనా "బాగుంది పిన్నీ, ఎంత?" అని అడిగితే, "95 వేలు" అంటది.

వచ్చే ఎపిసోడ్‌లో ప్యాకెట్ మీద వేయాల్సిన లేబుల్, ఎంఆర్‌పీ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.