మానని నోటిపుండు

నోటిలో ఎన్నడును పుండు లేవని మనిషి యుండడు. పొరబాటున బుగ్గ కొరుకుకొన్నను, పంటి మొన గీచుకొన్నను పుండు లేచును. నోటిపూత అందరెరిగినదే. అది నిప్పువలె మండును, కారము ముట్టనీయదు. కాని సాధారణముగా వారము పది దినములలో, మహా అయిన రెండు వారములలో మానిపోవును. దానికి భయపడ నక్కరలేదు.

భయపడవలసినది మానని పుండునకు. ఇందొక చిక్కున్నది. మనము నొప్పిని బట్టి జబ్బును తూచుటకు అలవాటు పడినవారము. నోటి కాన్సరు తొలిదశలో తరచు నొప్పియే ఉండదు.

మా పెదతల్లిగారిది శ్రీకాకుళం సీమ. ఆ తీరమున పెక్కుమంది స్త్రీలవలె ఆమెయు అడ్డపొగ త్రాగెడివారు. అనగా చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చెడివారు. ఆ వేడియు పొగయు నేరుగా అంగిటికి తగులును. అట్టివారిలో అంగిటి కాన్సరు హెచ్చుగా వచ్చుట వైద్యులు దశాబ్దముల క్రిందటనే గుర్తించిరి. ఆమె అంగిట చిన్న పుండు లేచినది. "నొప్పి లేదు గదా నాయనా, నెయ్యి రాసుకుంటే అదే పోతుంది" అన్నారు. మేమును సరే యంటిమి. సంక్రాంతికి చూచిన పుండు ఉగాదికిని అట్లే యున్నది. ఆసుపత్రికి తీసికొనిపోవు నాటికి మెడలో గడ్డ తేలినది. దినములు లెక్కపెట్టనందుకు మేము నేటికిని నొచ్చుకొనుచున్నాము.

కావున నొప్పిని కాదు, దినములను లెక్కింపుడు. పుండు కనబడిన తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుడు. 14 దినములకు మానకున్నచో వైద్యునికో దంతవైద్యునికో చూపుడు. పుండు అంచులు గట్టిపడినను, కారణము లేక రక్తము కారినను, తుడిచినను పోని తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ కనబడినను, పన్ను ఊరక కదలినను, నాలుక మొద్దుబారినను, నోరు తెరచుట కష్టమైనను, మెడలో గడ్డ తగిలినను, గడువు కొరకు ఆగవలదు.

చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, సారాయి అలవాటున్నవారికి ముప్పు ఎక్కువ. పొగాకు లేని వట్టి వక్క సైతము కాన్సరు కారకమని అంతర్జాతీయ పరిశోధకులు 2003లో నిర్ణయించిరి. అలవాట్లు లేనివారికిని ఈ జబ్బు రావచ్చును గనుక వారును ఉపేక్షింపరాదు.

వైద్యుడు మొదట పంటి మొనయో, కట్టుడు పళ్ళ ఒరిపిడియో కారణమేమో చూచును. దానిని సరిచేసి, పుండు మానినదో లేదో మరల పరీక్షించును. అనుమానమున్నచో మత్తుమందిచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపును. ముక్క తీసినచో జబ్బు పాకునను మాట వట్టి అపోహ. ఆ భయముతో కాలము గడుపుటయే హాని. తొలిదశలో పట్టుబడిన కాన్సరు పెక్కుమందికి నయమగును.

ఈ రాత్రి భోజనమైన పిదప దీపపు వెలుతురులో అద్దము పట్టుకొని మీ నోరు చూచుకొనుడు. ఇంటిలోని పెద్దలచేత కట్టుడు పళ్ళు తీయించి, వారి నోరును చూడుడు. "నొప్పి లేదు" అని వారన్నచో, "ఎన్నాళ్ళనుండి ఉన్న"దని అడుగుడు.