ఉచిత వైద్యమునకు వెల యెంత?

(అరకులోయ ప్రాంత పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఆసుపత్రుల నిర్వహణ విద్య నభ్యసించు యువకులకు, యువతులకు ఆర్థికశాస్త్రపు తొలి పాఠములు చెప్పుట నా వృత్తి. ఆ పాఠములలో కొన్నింటిని మీ యెదుట చెప్పవలసినదిగా నిర్వాహకులు కోరినారు. ఆర్థికశాస్త్రమనగా బ్యాంకులకు, వర్తకులకు సంబంధించినదని పలువురు తలంతురు. అట్లు కాదు. ఉన్నది కొంచెమై, కావలసినది ఎక్కువైనప్పుడు దేనిని ముందు చేయవలెను, దేనిని వెనుకకు నెట్టవలెను అని యోచించుటయే ఆ శాస్త్రము. ఆ పని పంచాయతీ సమావేశములలో మీరు చేయుచునే యున్నారు. కాకున్న దానికి మేము పెద్ద పేర్లు పెట్టినాము.

మొదటి పాఠము వెలను గురించినది. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రుసుము లేదు, మందులకు డబ్బు లేదు. కనుక వైద్యము ఉచితమని అందరము అందుము. ఒక లెక్క వేసి చూతము. ఇది ఊహించిన లెక్క. అంకెలను మీ గ్రామమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. కొండమీది గూడెములో ఒక యిల్లాలికి ఆషాఢమాసమున జ్వరము వచ్చినది. రోడ్డు వరకు రెండు గంటల నడక. అక్కడినుండి జీపునకు మనిషికి 50 రూపాయలు. తోడుగా భర్త పోవలెను. ఇరువురి రాకపోకలకు 200, మధ్యాహ్నపు తిండికి 100, ఇరువురి కూలి దినమునకు 300 చొప్పున 600. మొత్తము 900 రూపాయలు. ఆసుపత్రి చీటీమీద వెల సున్న. ఇంటిలో వెల 900. రక్తపరీక్ష చేయువాడు సెలవులో ఉన్నాడు, రేపు రండు అని చెప్పినచో 1,800. ఆ చిన్న మాట చెప్పుటకు చెప్పువాని కేమియు ఖర్చు లేదు. విన్నవారికి 900 ఖర్చు.

ఆ 900లో 600 రూపాయలు ఎవరికిని ఇచ్చినవి కావు. చేతికి రాకపోయిన కూలి మాత్రమే. ఒక పని చేయుటకై విడిచిపెట్టిన మరియొక పని విలువను మా శాస్త్రమున అవకాశ వ్యయ మందురు. అది అన్ని దినములకు ఒక్కటి కాదు. మలేరియా హెచ్చుగా వచ్చునది వర్షాకాలమున. వరి ఊడ్పులు జరుగునదియు అప్పుడే. ఊడ్పు దాటిపోయిన మడి ఆ యేటికి పోయినట్లే. కనుక శ్రావణమాసపు దినము వేసవి దినము కంటె చాల ఖరీదైనది. కాఫీ పండ్ల కోతకాలమున కూడ ఇదే తీరు. "ఊడ్పులైన పిమ్మట పోదము" అని జ్వరముతో మడిలో దిగిన మనిషిని అజ్ఞాని యని నిందించుట మన చదువుకొన్నవారి దురలవాటు. అతడు లెక్క వేసియే దిగినాడు. ఆ లెక్కలో చేరనిది ఒక్కటే. అతనికి వచ్చినది ఫాల్సిపారం మలేరియా అయినచో, జాగుచేసిన ఆ కొద్ది దినములలోనే ప్రాణము మీదికి రావచ్చును.

శుక్రవారము అరకు సంతలో వెల పెరిగినచో కొనువారు తగ్గుదురు. వైద్యమునకును అదే నియమము. దూరము పెరిగిన కొలది వెల పెరుగును. వెల పెరిగిన కొలది ఆసుపత్రికి వచ్చువారు తగ్గుదురు. మైదానమున 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమని, కొండ ప్రాంతములందును గిరిజన ప్రాంతములందును 20,000 మందికి ఒకటి యని నియమము కలదు. ఉపకేంద్రమునకు 5,000, 3,000. మంచి నియమమే. కాని అది తలలను లెక్కించును, నడుమ నున్న వాగులను లెక్కింపదు. ఆ వాగులను లెక్కింపగలవారు మీరు.

అందువలననే ఆశా కార్యకర్త సంచిలోని జ్వరపరీక్ష కిట్టును నేను కొండప్రాంతపు గొప్ప పొదుపు అందును. వ్రేలి నుండి ఒక చుక్క రక్తము, అర్ధగంటలోపల ఫలితము, గూడెములోనే మాత్రలు. 900 రూపాయల వెల దాదాపు సున్నకు దిగినది. ఆ కిట్లు జ్యేష్ఠమాసమున ఆమె సంచిలో లేనిచో, ఆరోగ్య కేంద్రమునకు ఎంత మంచి భవనము కట్టినను ఆ యిల్లాలి లెక్క మారదు.

కాన్పుల విషయము చూడుడు. డోలీ కట్టి కొండ దింపునప్పటికే ఆలస్యమగుచున్నది. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరులో గర్భిణీలకు వసతి గృహము నొకదానిని నెలకొల్పినారు. కొండ శిఖర గ్రామముల స్త్రీలు నెలలు నిండకముందే వచ్చి అక్కడ ఉందురు. నొప్పులు వచ్చునప్పటికి ఆసుపత్రి చెంతనే యుండును. ఇది మెచ్చదగిన ఆలోచన. అయినను ఆమె ఇన్ని వారములు ఇల్లు విడిచి యుండవలెను. ఇంటనున్న చిన్నపిల్లను ఎవరు చూతురు? మేకలను ఎవరు తోలుదురు? వసతి, భోజనము ఉచితమైనను అవకాశ వ్యయము అక్కడను తప్పలేదు. పంపదలచిన పంచాయతీ మొదట ఆ పిల్లను, ఆ మేకలను గురించి ఆలోచింపవలెను.

ఇక రెండవ పాఠము. సంతలో నేను కొన్న అల్లము నాకే ఉపయోగము. నా గోడకు చల్లించిన దోమల మందు అట్టిది కాదు. కొండవాగుల అంచున గ్రుడ్లు పెట్టు ఫ్లూవియాటిలిస్ జాతి దోమ మనిషిని కుట్టి ఇంటిగోడమీద వాలును. గోడకు మందున్నచో అది చచ్చును, పొరుగువానిని కుట్టదు. మందు చల్లించుకొన్నందువలని లాభములో హెచ్చుపాలు పొరుగువారిది. చల్లనీయనివాని వలని నష్టములోను హెచ్చుపాలు పొరుగువారిదే. ఇట్టి వానిని బాహ్య ప్రభావములందురు. ఇట్టి వస్తువును ఎవరికి వారు కొనుక్కొందురులే అని సంతకు విడిచినచో చాలినంత కొనరు.

రాజుగారి పాలగుండము కథ మీరందరు ఎరిగినదే. ఇంటికొక చెంబెడు పాలు పోయవలసినదని చాటింపు. ఇందరి పాలలో నా చెంబెడు నీరు తెలియునా అని ఒక్కొక్కడు తలంచెను. తెల్లవారునప్పటికి గుండమంతయు నీరే. దోమమందు సంగతియు అంతే. సామాను బయట పెట్టుట శ్రమ, వాసన, పనిదినము నష్టము. ఇరుగుపొరుగు చల్లించుకొన్నారు గదా, నా కేల అని ఒకడు తలుపు వేసికొనును. నూటికి 80 ఇండ్లకు తక్కువైనచో చల్లిన మందు ఫలితము సన్నగిల్లును. చల్లిన కొలది దినములకే పండుగ వచ్చినదని గోడలు అలికినచో మందు మట్టి క్రింద పడును. అలుకుట తప్పు కాదు, అది మన ఆచారము. చల్లు తేదీని పండుగకు తరువాత పెట్టించుట పంచాయతీ చేయదగిన పని. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మలేరియా విభాగము వారికి సకాలమున ఒక ఉత్తరము చాలును.

వైవాక్సు మలేరియా జ్వరమునకు 14 దినముల మాత్రలు మ్రింగవలెను. జ్వరము దిగినదని మూడవనాడే మానినచో కాలేయములో దాగిన క్రిమి కొన్నాళ్లకు తిరిగి లేచును. అది మానిన మనిషితో ఆగదు. గూడెమునకు అంతకు పాకును.

ఈ పాఠమును మన దేశము పెద్ద ధర చెల్లించి నేర్చుకొన్నది. మలేరియాను దోమ మోయునని రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులోనే కనిపెట్టినాడు. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి ఏటేట 7.5 కోట్ల మందికి ఈ జ్వరము వచ్చుచుండెననియు, 8 లక్షల మంది చనిపోవుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ఆరంభమైనవి. 1965 నాటికి కేసులు సుమారు ఒక లక్షకు దిగినవి. పిమ్మట శ్రద్ధ సడలినది, మందుల సరఫరా తగ్గినది, దోమలు మందునకు లొంగకపోయినవి. 1976లో కేసులు 64 లక్షలు దాటినవి. నివారణ పనికి ఇదియొక చిక్కు. అది జయించినప్పుడు కంటికి కనపడునది ఏమియు ఉండదు. రాని జ్వరమునకు ఫోటో తీయలేము. కావున కేసులు తగ్గిన యేడే, ఇక ఖర్చేల అను ప్రశ్న లేచును. ఆ ప్రశ్న మీ సమావేశములలోను లేవక మానదు. 1976 సంవత్సరమును అప్పుడు జ్ఞాపకము చేయుడు.

పంచాయతీ డబ్బును గురించి కొంచెము. 2021–26 కాలమునకు పదిహేనవ ఆర్థిక సంఘము పంచాయతీలకిచ్చిన నిధులలో నూటికి 60 పాళ్లు పారిశుద్ధ్యమునకును, త్రాగునీటికిని కట్టుబడినవి. మిగిలిన 40 పాళ్లు స్థానిక అవసరములకు. ఏ పద్దునకు ఎంత అని చూచుటకంటె, ఇక మీదట ఖర్చుపెట్టు ఒక్క రూపాయి ఎక్కడ ఎక్కువ ఫలమిచ్చును అని చూడవలెను. దీనినే ఉపాంత ఫల మందురు. కొండ ఊటనుండి పైపులతో నీరు దింపుకొన్న గ్రామములు మనలో అనేకము. ఊట చుట్టు గోడ పగిలి పశువులు దిగుచున్నచో, ఆ గోడకు పెట్టిన కొద్ది సిమెంటు ఎన్నో విరేచన జ్వరములను ఆపును. అదే సిమెంటు ఊరి మొదట స్వాగత ద్వారమునకు పెట్టినచో వచ్చు ఫలము మంత్రులు వచ్చిన నాడు మాత్రమే కనపడును. ద్వారములు వద్దనను, ఊట గోడ తరువాత కట్టుకొనుడు.

వైద్యము ఇతర సరుకుల వంటిది కాదని కెనెత్ ఆరో అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు 1963లో ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసినాడు. జబ్బు ఎప్పుడు వచ్చునో తెలియదు. వచ్చిన పిమ్మట తనకు ఏ మందు కావలెనో రోగికి తెలియదు. పసుపు మంచిదో కాదో మీరు విరిచి చూచి చెప్పగలరు. సూదిమందు అవసరమో కాదో చెప్పలేరు. అందువలననే రక్తపరీక్ష లేకయే సెలైను ఎక్కించు చదువురాని వైద్యునికి బేరము తగులుచున్నది. అతడు గూడెమునకు వచ్చును, అరువు ఇచ్చును. అతని వెల చూచుటకు తక్కువ. ఆశా కార్యకర్త వద్ద కిట్లున్న గూడెములో అతని బేరము దానంతట అదే తగ్గవలెను. జబ్బు ఎప్పుడు వచ్చునో తెలియని చిక్కునకు బీమా ఉపాయము. 2007లో ఆరోగ్యశ్రీ పేర ఆరంభమై, తదుపరి ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరు పొందిన పథకము పెద్ద శస్త్రచికిత్సల భారమును అందరిమీద పంచినది. అది లేని కాలమున భూమి తాకట్టు పెట్టిన కుటుంబముల నడుగుడు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ త్రాగునీటిని, ఆరోగ్యమును, పారిశుద్ధ్యమును పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో చేర్చినది. 1996 నాటి పెసా చట్టము ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములలో పంచాయతీ చేపట్టు ప్రణాళికను గ్రామసభ ముందుగా ఆమోదింపవలెను. వచ్చు గ్రామసభ వర్షములకు ముందే జరుగునట్లు చూడుడు. క్రిందటి యేడు ఆసుపత్రికి పోయిరాగా ఎంతైనదో స్త్రీల నడిగి, గూడెము వారీగా ఆ అంకెలు వ్రాయించుడు. ఆశా కార్యకర్తను పిలిచి, సంచిలో పరీక్ష కిట్లు ఎన్ని, మాత్రలు ఎన్ని, వాని గడువు తేదీ ఏది అని చూచి, ఆ లెక్కను మినిట్సు పుస్తకమున ఎక్కించి, నకలు ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి అదే వారములో పంపుడు.