పాత ట్రాక్టరు అమ్మకము – న్యాయమైన ధర
(ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

పశువుల సంతలో దళారి తువ్వాలు మాటున వ్రేళ్ళు పట్టి బేరము నడుపుట మీరెరిగినదే. పండ్లు చూచి ఎద్దు ఈడు చెప్పగల రైతును మోసగించుట దళారికి సులభము కాదు. నేడు కొట్టములో ఎద్దులకు బదులు ట్రాక్టరు నిలిచినది. దానిని అమ్మవలసి వచ్చినపుడు మాత్రము కొనువాడు చెప్పిన ధరకే తల యూపుచున్నాము.

నేనెరిగిన ఒక రైతు మాఘమాసములో, కుమార్తె పెండ్లికి వారము ముందు, ట్రాక్టరు అమ్మినాడు. తొలకరి దుక్కుల వేళకు అదే బండిని ఆ దళారి పొరుగూరిలో మంచి లాభమునకు అమ్ముకొన్నాడు. బండిలో మార్పేమియు లేదు. అమ్మినవాని యక్కరను దళారి ముందే కనిపెట్టినాడు, అంతే. కావున అమ్మదలచినవాడు రెండు మూడు నెలలు ముందుగా ప్రయత్నము మొదలిడవలెను.

ముందు తన బండిని తానే పరీక్షించుకొనవలెను. చల్లగానున్న ఇంజను ఒక్క త్రిప్పునకే అందుకొనుచున్నదా? పొగ నీలిరంగున వచ్చినచో ఇంజను ఆయిలును త్రాగుచున్నదని కొనువాడు గ్రహించును. ఎత్తిన నాగలిని లిఫ్టు నిలిపియుంచుచున్నదా, మెల్లగా జారవిడుచుచున్నదా? ఇంజను నడచిన గంటలు చూపు మీటరు చెడిపోయిన యెడల, కొనువాడు ఎక్కువ గంటలనే లెక్కకట్టును. బ్యాటరీ మార్చుట, ఆయిలు కారుట ఆపించుట వంటి చిన్న ఖర్చులు తిరిగి వచ్చును. క్రొత్త రంగు వేయించుట మాత్రము దండుగ. అది అనుమానమునకే తావిచ్చును. నమ్మకమైన మెకానిక్కు చేత ధర కట్టించి, ముగ్గురినైనను అడిగి చూడవలెను.

పాతదిచ్చి క్రొత్తది తీసికొనువారు మరియొక మెలకువ పాటింపవలెను. పాతబండి మాట ఎత్తకమునుపే క్రొత్తదాని తుది ధర తెలిసికొనుడు. లేనిచో పాతదానికి హెచ్చుగా చూపిన సొమ్మును క్రొత్తదానిలో తగ్గింపు ఈయక రాబట్టుకొందురు.

ఇక కాగితములు. బ్యాంకు అప్పు తీరినచో 35వ నంబరు ఫారముపై బ్యాంకువారి సంతకము పొంది, రిజిస్ట్రేషను పత్రములోని తాకట్టు కొట్టివేయించవలెను. పేరు మార్పునకు 29, 30 నంబర్ల ఫారములున్నవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, రాష్ట్రములోని అమ్మకమును అమ్మినవాడు 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. పలుచేతులు మారియు పేరు మారని వాహనము ప్రమాదము చేసిన వ్యాజ్యములో, రిజిస్టరులో పేరున్నవాడే యజమానియని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పి, నష్టపరిహారము అతనిపైననే ఉంచినది. బండి పోయినను, దాని బాధ్యత మన యింటనే యుండునన్నమాట!

ఇట్టి అమ్మకములకు సాక్షి సంతకము కొరకు జనులు మీ యొద్దకే వత్తురు. కాగితముపై ఇంజను, ఛాసిస్ నంబర్లు, ముట్టిన సొమ్ము, బండి అప్పగించిన తేదీ, వేళ వ్రాసియున్నవో లేవో చూచి సంతకము చేయుడు. ఖాళీ ఫారములు తెచ్చిన దళారిని వెనుకకు పంపుడు.