డీజిల్ పొగ – మన పిల్లల ఊపిరి



మన గంగారం మండలానికి పూనుగొండ్ల పేరే ఒక గౌరవం. పగిడిద్దరాజు అక్కడి నుంచే మేడారానికి కాలినడకన బయలుదేరుతాడు. మా బావ చిన్నతనం నుంచి ఆ నడకలో ముందుండేవాడు. పద్దెనిమిదేళ్లు డంపర్ నడిపాక, మొన్నటి జాతరకు సగం దారిలోనే చెట్టు కింద కూర్చున్నాడు. ఆయాసం. వయసు నలభై రెండే. కారణం పొగ ఒక్కటేనని నేను అనను. దుమ్మూ ఉంది, బీడీ కూడా ఉంది. కానీ పొగ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈరోజు మీకు చెబుతున్నాను.

మనలో చాలామంది ట్రాక్టరు, లారీ, జేసీబీ మీద బతుకుతున్నారు. కొందరు భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనులకు పోతున్నారు. డీజిల్ పొగలోని మసి కణాలు చాలా సన్నం. ముక్కు ఆపలేదు. ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా పోతాయి. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిగొట్టాలను మంట పెట్టి వాచేలా చేస్తాయి.

లండన్‌లో ఉబ్బసం ఉన్న 60 మందిని రెండు గంటలు డీజిల్ బస్సులు, టాక్సీలు తిరిగే ఆక్స్‌ఫర్డ్ వీధిలో నడిపించారు. మరోరోజు హైడ్ పార్కులో నడిపించారు. ఒక సెకనులో బలంగా వదలగలిగే గాలి వీధిలో 6.1 శాతం వరకు తగ్గింది, పార్కులో 1.9 శాతం వరకే. ఈ ఫలితాలు 2007లో వచ్చాయి. రెండు గంటలకే అంతైతే, రోజూ ఎనిమిది గంటలు పీల్చేవారి మాటేమిటి? అమెరికాలో ఎనిమిది గనుల్లో 12,315 మంది కార్మికులను పరిశీలిస్తే, పొగ ఎక్కువగా పీల్చినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు పెరిగాయని తేలింది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను క్యాన్సర్ కారకమని ప్రకటించింది.

అయితే పని మానెయ్యమని నేను చెప్పను. పని మానితే ఇల్లు గడవదు. జాగ్రత్తలు చెబుతాను.

బండి ఆగితే ఇంజన్ ఆపండి. జనరేటరు, మోటారు ఇంజన్ మూసిన షెడ్డులో నడపకండి, పొగగొట్టం బయటికి పెట్టించండి. నల్లపొగ వస్తే బండికి రిపేరు కావాలని అర్థం, ఓనరుకు చెప్పండి. తువ్వాలు చుట్టుకుంటే సన్నమసి ఆగదు. ఎన్95 మాస్కు మసిని చాలావరకు ఆపుతుంది, వాయువులను ఆపదు. మనం ఏరే తునికాకు బీడీగా మారి మన ఛాతీలోకే రావద్దు.

స్పైరోమెట్రీ అనే పరీక్ష ఉంది. గొట్టంలోకి గట్టిగా ఊదితే చాలు, ఎక్స్‌రేలో కనబడని లోపం కూడా ముందే తెలుస్తుంది. పనిలో చేరేటప్పుడు, తర్వాత ఐదేళ్లకు మించకుండా వైద్యపరీక్ష చేయాలని 1955 నాటి గనుల నిబంధనలు చెప్పాయి. కాంట్రాక్టు కార్మికుడికీ ఆ హక్కు ఉంది. రిపోర్టు నకలు అడిగి ఇంట్లో దాచుకోండి. పాతదీ కొత్తదీ పక్కన పెట్టి చూస్తేనే ఊపిరి ఎంత తగ్గిందో తెలుస్తుంది. మా బావ దగ్గర ఒక్క కాగితం కూడా లేదు.

తగ్గిన ఊపిరి చాలావరకు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. వచ్చే జాతరకు పూనుగొండ్ల నుంచి మేడారం దాకా మీరంతా ఆగకుండా నడవాలి.

జై ఆదివాసీ!