సెల్లు టవరు - చెట్టుచేమలు

గ్రామములయందు నేడు తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. కొబ్బరిచెట్టు మాడినను, మామిడిపూత రాలినను, "ఆ సెల్లు టవరు వచ్చినప్పటినుండియే యిట్లున్నది" యందురు. ఆ స్థలమును అద్దెకిచ్చినవానితో పగయు పుట్టుచున్నది. మఱికొందఱు ఇదంతయు మూఢవిశ్వాసమని నవ్వి కొట్టివేయుదురు. ఈ రెండు పక్షములలో నేది విచారణకు నిలుచునో చూతము.

ముందుగా వస్తుస్వరూపమును తెలిసికొనవలెను. ఫోనునకును టవరునకును నడుమ ప్రసరించునవి విద్యుదయస్కాంత తరంగములు. ఈ ప్రసంగమును మీకు వినిపించుచున్న రేడియో తరంగములును, సూర్యుని వెలుగును ఆ వంశములోనివే. భేదమెల్ల కంపనముల సంఖ్యలో నున్నది. ఎక్సు కిరణములవలె అణువులను చీల్చు శక్తి ఫోను తరంగములకు లేదు. మిక్కిలి బలముగా సోకినచో వేడిని పుట్టించును. దూరము రెట్టింపైనచో బలము నాలుగవ వంతునకు దిగును. మన దేశమున 2012 సెప్టెంబరులో టవరు తరంగముల హద్దును అంతర్జాతీయ ప్రమాణములో పదియవ వంతునకు తగ్గించిరి.

అట్లని మొక్కలకు వీనితో నేమియు సంబంధము లేదనుటయు తొందరపాటే. 1895లో కలకత్తాయందు తంతిలేని తరంగములను ప్రదర్శించిన జగదీశచంద్ర బోసుగారు, తరువాత మొక్కల పెరుగుదలను వేలరెట్లు పెద్దదిగా చూపు యంత్రమును నిర్మించి, అట్టి తరంగములకు మొక్కలు స్పందించునని 1919లో ప్రకటించిరి. చండీగఢులోని పంజాబు విశ్వవిద్యాలయమువారు 2009లో పెసలను ఫోను తరంగములకు గురిచేసి, మొలకల వేళ్ళు కుఱుచనగుటను కనుగొనిరి. ఫ్రాన్సుదేశమున టమాట మొక్కలపై జరిపిన పరీక్షలలో పది నిమిషముల సోకుడునకే, గాయపడిన మొక్కయందు కలుగు మార్పులవంటివి కానవచ్చెను. కాని యివి పరిశోధనశాలలోని లేతమొక్కల సంగతులు. వీనినిబట్టి టవరునకు దూరముగా నున్న తోట యెండునని సిద్ధాంతము చేయరాదు.

ఇచట మన తర్కశాస్త్రము మిక్కిలి యుపకరించును. పొగను చూచి నిప్పు నూహించుట సరి. నిప్పును చూచి పొగ నూహించుట తప్పు. ఏలయన, తడికట్టె యున్నగాని పొగ పుట్టదు. ఈ తడికట్టెను తార్కికులు ఉపాధి యందురు. 2013లో డెన్మార్కు దేశపు పాఠశాల బాలికలు ఐదుగురు, ఆవాల జాతిదగు కూరమొక్క విత్తనములు 400 తీసికొని పండ్రెండు పళ్ళెములలో చల్లిరి. ఆఱింటిని వైఫై యంత్రములున్న గదిలోను, ఆఱింటిని అవి లేని గదిలోను పండ్రెండు దినము లుంచిరి. యంత్రముల చెంతనున్నవి సరిగా మొలవలేదు. లోకమంతయు నీ వార్త ప్రాకెను. కాని యంత్రము తరంగములతోపాటు వెచ్చదనమునుగూడ విడుచును. ఆ వెచ్చదనమునకు తడి యారెనేమో యని శాస్త్రజ్ఞు లాక్షేపించిరి. ఆ వెచ్చదనమే యిచట తడికట్టె కావచ్చును.

కాకి వాలుటయు తాటిపండు రాలుటయు నొక్కసారి జరిగినంతమాత్రమున కాకి పండును రాల్చినదనరాదు. 2016లో తమిళనాడున కానవచ్చిన సర్పిలాకార తెల్లదోమ త్వరలోనే మన కోస్తా కొబ్బరితోటలకు ప్రాకెను. అది ఆకు అడుగున చేరి రసము పీల్చును. అది విడుచు తేనెవంటి జిగురుమీద నల్లని మసి పట్టి మట్టలు కమిలినట్లగును. దూరమునుండి చూచువానికి టవరే కారణమని తోచును. ఆకు త్రిప్పి చూచినవానికి దోమ కనబడును. టవరును దూషించుచు కూర్చున్నవాడు ఆకును త్రిప్పడు. ఆ యాలస్యములో తెగులు పొరుగుతోటకును ప్రాకును.

ఊరి బడిపిల్లలచేత నొక పరీక్ష చేయింపుడు. ఒకే మట్టితో రెండు మూకుళ్ళు నింపి, ఒక్కొక్కదానిలో నూఱేసి పెసలు చల్లి, ఒకే తీరు వెలుగుగల రెండు గదులలో నుంచవలెను. రెంటికిని నీరు కొలిచి పోయవలెను. ఒకదానికి జానెడు దూరమున రోజును కొన్ని గంటలు మాటలాడుచున్న ఫోనును, రెండవదానికి అట్టిదే ఆర్పిన ఫోనును ఉంచవలెను. మొలకలను కొలుచు పిల్లవానికి ఏది యేదో తెలియరాదు. మఱుసటిసారి గదులు మార్చి మరల చేయవలెను. మూడుమార్లు ఒకే ఫలితము వచ్చెనేని అప్పుడది యాలోచింపదగిన విషయము.

నిరపరాధిపై నింద మోపుటయు, అపరాధము నుండగా కన్నులు మూసికొనుటయు పెద్దలకు తగదు. సాక్ష్యము వినిన పిదపనే తీర్పు చెప్పుట మన పంచాయతీలకు క్రొత్త కాదు. చెట్టు విషయమునను ఆ న్యాయమే చెల్లును.