మన చేతి కూలి కూడా లెక్కే



మేము దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ సంఘాల సభ్యులం. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్నప్పుడు ఆపిల్ పెట్టెల చెక్కను పొయ్యిల పెట్టేవాళ్లం. మార్కెట్ బాటసింగారం పోయింది. ఇప్పుడు వడ్రంగి షాపుల్లో మిగిలిన ముక్కలు తెచ్చి, తీరిక దొరికినప్పుడు తాళంచెవుల స్టాండ్లు చేస్తున్నం.

ఉప్పు కాగితం చెక్క గీతల వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీరలు పడతాయి. పొట్టు లోపలికి పోకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. సందులుంటే కొండపల్లి బొమ్మల వాళ్ల లెక్క రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి మక్కు పెట్టాలి.

మొదటి స్టాండు 100 రూపాయలకు అమ్మి సంబరపడ్డం. లెక్క రాస్తే చెక్క, మేకులు, రంగుకే 70 అయినయి. రెండు పూటల పనికి మిగిలింది 30. ఇంటి పనికి మనం కూలి కట్టుకోం కదా, ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది.

అందుకే పొదుపు పుస్తకం పక్కన ఇంకో పుస్తకం పెట్టినం. సామాను ఖర్చుతో పాటు పట్టిన గంటలూ రాస్తున్నం. చుట్టాలకు ప్రేమతో ఇస్తే అది వేరే. అమ్మేటప్పుడు మాత్రం కూలి కలిపే ధర చెప్తున్నం. ఆర్డర్లు రాకముందే మిషన్ కోసం అప్పు తీసుకోవద్దని కూడా తీర్మానం రాసుకున్నం.

బేరమాడితే తల వంచకండి అక్కా, పుస్తకం తెరవండి.