చూపే చేయూత

'కనుసన్నలలో మెలగుట' అను పలుకుబడి మన భాషలో చిరకాలముగా నున్నది. యజమాని నోరు మెదపకయే కన్ను కదల్చినంత మాత్రమున పరిచారకుడు పని గ్రహించి చేయునని దాని భావము. మనిషి కనుసన్నను మనిషి గ్రహించుటలో వింత లేదు. ప్రాణము లేని యంత్రము గ్రహించుటయే నేటి వింత. అరచేతిలో ఇమిడెడు సెల్‌ఫోను, వ్రేలు తాకకుండగనే, చూచువాని చూపును బట్టి పనిచేయు కాలము వచ్చినది. 2020లో గూగుల్ సంస్థ ఇట్టి సాధనమొకటి వెలువరించెను. ముందుగా వ్రాసియుంచిన మాటలలో కావలసినదానిని ఎడమకో, కుడికో, పైకో చూచి ఎన్నుకొనినచో ఫోను దానిని పైకి పలుకును. 2024 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ తన ఐఫోనులను, ఐప్యాడులను చూపుతోనే నడుపుకొను ఏర్పాటు చేసెను.

యంత్రము మన చూపును ఎట్లు కనిపెట్టును? మీ ఇంటిలో ఎవరి కంటిలోనికైనను దగ్గరగా చూడుడు. కిటికీ వెలుగు నల్లగ్రుడ్డుపై చిన్న చుక్కవలె మెరయుచుండును. తల కదల్పక కన్ను మాత్రము త్రిప్పినపుడు కంటిపాప జరుగును గాని, ఆ మెరుపు అంతగా జరుగదు. ఈ రెండింటి నడుమ దూరమును కొలిచినచో చూపు ఎటున్నదో తెలియును. ఈ పనికై ప్రత్యేకముగా చేసిన యంత్రములు కంటికి కనబడని పరారుణ కాంతిని ప్రసరింపజేసి ఈ కొలత తీయును. ఆపిల్ ఫోనులో ముందువైపు కెమెరాయే కంటి బొమ్మను తీయగా, ఫోను దానిని బట్టి లెక్క కట్టును. వేరు పరికరము కొననక్కరలేదు. ఫోనును ముఖమునకు సుమారు ఒకటిన్నర అడుగు దూరమున కదలకుండ నిలుపవలెను. మొదట తెరపై ఒక చుక్క చోటు మార్చుచు కనబడును. మనము దానినే చూచుచు పోవలెను. ఆ విధముగా యంత్రము మన కంటిని పరిచయము చేసికొనును.

ఇంతవరకు సులభమే. చిక్కు ఇక మీదట నున్నది. కన్ను ఆజ్ఞాపించుటకు అలవాటు పడినది కాదు. దాని సహజమైన పని చూచుట. మనము చదువునపుడు చూపు పంక్తి వెంట నీరువలె జారిపోదు. గంతులు వేయుచు, నడుమ నడుమ ఆగుచు పోవును. పారిస్ నగరమున ఎమిల్ జవాల్ అను నేత్రవైద్యుడు 1879లోనే ఈ సంగతి వ్రాసెను. ఇట్టి గంతులు సెకనుకు సుమారు మూడు నాలుగు ఉండును. చూపు పడిన ప్రతిచోటును యంత్రము ఆజ్ఞగా తీసికొనినచో ఏమగును? గ్రీకుల కథలో మైడాస్ అను రాజు తాను తాకినదెల్ల బంగారము కావలెనని వరము కోరెను. తుదకు తినబోయిన అన్నము సయితము బంగారమై ఆకలికి అల్లాడెను. మన భస్మాసురుని వరము వంటిదే అదియు. 1990లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జేకబ్ ఈ చిక్కును వివరించుచు మైడాస్ పేరునే వాడెను.

దీనికి కనుగొన్న ఉపాయములలో ముఖ్యమైనది నిలకడ. చూపు ఒక గురుతుపై నిర్ణీతమైన వ్యవధి నిలిచినచో అది ఆజ్ఞ. దాటిపోయినచో వట్టి చూపు. ఈ వ్యవధి మరీ తక్కువైనచో కోరని పనులు జరుగును. మరీ ఎక్కువైనచో కన్ను అలసిపోవును. కనుక ఎవరికి తగినట్లు వారు దానిని సవరించుకొనవలెను.

చేతులు ఆడువారికి ఇది కొంత వినోదముగా తోచవచ్చును. మోటార్ న్యూరాన్ వ్యాధి పాలైనవారి సంగతి వేరు. వారిలో పలువురికి చేతులు పడిపోయి, మాట పోయిన పిమ్మటను కనుల కదలిక చాలకాలము నిలుచును. వారికి ఈ యంత్రమే నోరు.

యంత్రము లేనిచోట గూడ చూపు పలుకగలదు. 1995 డిసెంబరులో ఫ్రాన్సు దేశమున 'ఎల్' పత్రిక సంపాదకుడు జాఁ డొమినిక్ బోబీకి మెదడులో రక్తప్రసారమునకు భంగము కలిగి, దాదాపు దేహమంతయు కదలిక కోల్పోయెను. ఎడమ కనురెప్ప మాత్రము ఆయన స్వాధీనమున మిగిలెను. ఫ్రెంచి భాషలో ఎక్కువగా వచ్చు అక్షరములు ముందుండునట్లు ఒక వరుస కూర్చి ఎదుటివారు చదువుచుండగా, కావలసిన అక్షరమునకు ఆయన రెప్ప వాల్చెడివాడు. అట్లు ఒక పుస్తకమునే చెప్పి వ్రాయించెను. 1997లో అది వెలువడిన కొలది దినములకే ఆయన కన్నుమూసెను.

మన వర్ణమాల పూర్వులు తీర్చిపెట్టిన వరుసలలోనే యున్నది. ఇంటిలో అట్టి రోగి యున్నచో, పైకి చూచినచో ఔననియు, క్రిందికి చూచినచో కాదనియు మొదట ఒప్పందము చేసికొనుడు. పిమ్మట అచ్చులా, క వర్గమా, చ వర్గమా యని నిదానముగా అడుగుడు. వర్గము తెలిసిన వెనుక అందలి అక్షరములు ఒక్కొక్కటిగా పలుకుడు. గుణింతములు, ఒత్తులు అన్నియు ఏకరువు పెట్టనక్కరలేదు. రెండు మూడు అక్షరములు దొరికినపుడు మాటను ఊహించి 'ఇదేనా?' యని అడుగవచ్చును. కాని ఔనను సన్న వచ్చిన పిదపనే ముందుకు సాగుడు. తొందరపడి వారి వాక్యమును మనమే ముగించినచో, అది మన మాట యగును గాని వారి మాట కానేరదు.

రేడియో కదలలేని వారి మంచము దగ్గరకును మాటను చేర్చును. వారి మాటను మన దగ్గరకు చేర్చు శక్తి దానికి లేదు. అది ఇంటివారు చేయవలసిన పని. ఫోను కొనగలిగినను, కొనలేకున్నను, నేడే వారి ఎదుట కూర్చుండి ఒక ప్రశ్న అడుగుడు. చూపు నిలుచువరకు వేచియుండుడు.